పాత కంప్యూటర్‌లోని బిట్‌కాయిన్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుంటే పన్ను పడుతుందా?

ప్రశ్న: 2017లో కొన్న కొద్దిపాటి బిట్‌కాయిన్ మా పాత డెస్క్‌టాప్‌లో, బిట్‌కాయిన్ కోర్ అనే ప్రోగ్రామ్ వాలెట్‌లో ఉంది. దాన్ని కొత్త ల్యాప్‌టాప్‌లోకి మార్చుకుంటే 30 శాతం పన్ను పడుతుందని మా స్నేహితుడు భయపెడుతున్నాడు. రిపేరు షాపు కుర్రాడు తనే మార్చిపెడతానంటున్నాడు. పాత మెషిన్ అతనికే ఇచ్చేద్దామనుకుంటున్నాను. సలహా ఇవ్వండి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పన్ను పడదు. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో ఆస్తుల మీద పన్ను నిబంధన (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 115బీబీహెచ్ సెక్షన్) 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అది చెప్పే 30 శాతం, కాయిన్‌ను బదిలీ చేసినప్పుడు వచ్చిన లాభం మీదే. అమ్మినా, ఇంకో కాయిన్‌తో మార్చుకున్నా బదిలీయే. మీ సొత్తు మీ దగ్గరే ఉంటే బదిలీ ఎక్కడిది? పైగా వాలెట్ ఫైలు కాపీ చేసుకుంటే బ్లాక్‌చెయిన్‌లో, అంటే బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి ఖాతా పుస్తకంలో, ఏమీ కదలదు. అలా కాకుండా కాయిన్‌నే మీ కొత్త వాలెట్ అడ్రసుకు పంపుకుంటే నెట్‌వర్క్ ఫీజు పోతుంది. రేపు అమ్మినప్పుడు దాన్ని ఖర్చు కింద చూపడానికి వీల్లేదు, కొన్న ధర ఒక్కటే తీసేయనిస్తారు.

నన్ను కంగారు పెడుతున్నది పన్ను కాదండీ, ఆ షాపు కుర్రాడు. అతను మంచివాడే కావచ్చు. కానీ మీ కాయిన్ తాళాలు ఉండే wallet.dat అనే ఆ చిన్న ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవడానికి క్షణం చాలు. పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) పెట్టకపోతే ఆ ఫైలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఖర్చు పెట్టేయొచ్చు. క్రిప్టో కూడా ఆస్తేనని మద్రాసు హైకోర్టు 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66వ సెక్షన్ కింద కేసూ పెట్టొచ్చు. అయితే తీసింది ఎవరో తేల్చడం కష్టం, వెళ్లిన కాయిన్‌ను వెనక్కి రప్పించే బ్యాంకు మేనేజరు ఇక్కడ ఉండడు.

కాబట్టి పని మీరే చేసుకోండి. ముందు ‘ఎన్‌క్రిప్ట్ వాలెట్’తో పాస్‌ఫ్రేజ్ పెట్టి, ఆ తర్వాతే ఫైల్ మెనూలోని ‘బ్యాకప్ వాలెట్’తో కాపీ తీయండి. అంతకుముందు తీసిన కాపీలకు ఆ రక్షణ ఉండదు. కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్‌ను అధికారిక సైటు నుంచే దించుకోండి. 2017 నాటి వాలెట్‌ను ఇప్పటి వెర్షన్లు నేరుగా తెరవవు, ‘మైగ్రేట్ వాలెట్’ నొక్కాలి. ఎవరైనా మధ్యలో పన్నెండు పదాల సీడ్ ఫ్రేజ్ (కొన్ని వాలెట్లు తిరిగి తెరవడానికి ఇచ్చే రహస్య పదాల వరుస) చెప్పమంటే మోసమే, బిట్‌కాయిన్ కోర్‌లో అలాంటిది లేదు.

2017లో కొన్నప్పటి ఎక్స్ఛేంజ్ వివరాలు, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇప్పుడే ప్రింటు తీసి దాచండి. కొన్న ధరకు రుజువు లేకపోతే అమ్మిన సొమ్మంతా లాభమేనని అధికారి లెక్కగట్టే ప్రమాదం ఉంది. పోలీసు ఫిర్యాదుకైనా ఆ కాగితాలే ఆధారం.

కొత్త వాలెట్‌లో సింక్ (బ్లాక్‌చెయిన్ లెక్కలన్నీ దిగడం) పూర్తయి, బ్యాలెన్స్ సరిపోయాక కూడా పాత డెస్క్‌టాప్‌లోని ఫైలు పని చేస్తూనే ఉంటుంది. డిలీట్ చేసినా తిరిగి రప్పించవచ్చు. మెషిన్ ఇవ్వాలనుకుంటే హార్డ్ డిస్క్ విప్పి మీ దగ్గర పెట్టుకుని మిగతాది ఇవ్వండి. ధర కాస్త తగ్గిస్తాడు, తగ్గించనివ్వండి.