మైఖెలాంజెలో: శిల్పి చేతిలో కుంచె

ప్రశ్న: వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం పైకప్పు చిత్రాలను మైఖెలాంజెలో నాలుగేళ్లపాటు వెల్లకిలా పడుకొని వేశాడని చదివాను. అది నిజమేనా? ఆయనను చిత్రకారుడిగా చూడాలా, శిల్పిగా చూడాలా?

జవాబు: నాలుగేళ్లన్నది నిజమే (1508-1512), పడుకొని వేశాడన్నది మాత్రం కాదు. తానే రూపొందించుకున్న మంచెపై నిలబడి, తల వెనక్కి వాల్చి, చెయ్యి పైకెత్తి ఆయన ఆ పని చేశాడు. మిత్రుడు జొవాన్ని ద పిస్తోయాకు పంపిన పద్యంలో గడ్డం ఆకాశం వైపు తిరిగిపోయిందనీ, కుంచె నుంచి రంగు ముఖం మీద కారుతోందనీ చెప్పుకొని, పక్కనే తాను నిలబడి పైకప్పుకు రంగు వేస్తున్న బొమ్మను కూడా గీశాడు. ఆ పద్యం తాను చిత్రకారుణ్ని కాదన్న మాటతో ముగుస్తుంది. ఆ పనికి తొలి విడత సొమ్ము ముట్టినప్పుడు రాసుకున్న పద్దులోనూ తనను శిల్పిగానే పేర్కొన్నాడు. కనుక మీ రెండో ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పాడనవచ్చు.

అయితే ఆ మాటను పూర్తిగా నమ్మితే ఆయన చిత్రకళకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. తడి సున్నపు పూత ఆరేలోగా, ఏ రోజు భాగం ఆ రోజే రంగు వేయవలసిన కుడ్యచిత్ర విధానం మీద ఆయనకు అప్పటికి పెద్దగా అనుభవం లేదు. తొలినాళ్లలో వేసిన జలప్రళయ చిత్రానికి బూజు పట్టగా, ఈ పని తనది కాదని, దాన్ని అప్పగించిన పోప్ రెండవ జూలియస్‌తో మొరపెట్టుకున్నాడు. ఆ చిత్రంలో మనుషులు చిన్నగా, గుంపులు గుంపులుగా ఉంటారు. సుమారు 20 మీటర్ల కింద నిలబడి చూసేవారికి వారు సరిగా ఆనరు. సగం పని ముగిసి మంచె విప్పాక మిగతా భాగంలో ఆకారాలు పెద్దవయ్యాయి, చిత్రంలో మనుషుల సంఖ్య తగ్గింది. ఆదాము సృష్టి ఆ రెండో సగంలోనిదే. అక్కడ దేవుడి వేలికీ ఆదాము వేలికీ మధ్య ఉన్న జాగా గురించే అందరూ మాట్లాడతారు గాని, నా దృష్టి ఎప్పుడూ ఆదాము మొండెం మీదికే పోతుంది. వెలుగునీడలతోనే కండరాలకు అంత బరువు తేవడం, రాతిని చెక్కి చెక్కి శరీరాన్ని లోపలి నుంచి తెలుసుకున్న చేతికే సాధ్యమని నేను నమ్ముతాను.

ప్రశ్న: దావీదు విగ్రహాన్ని అంత నునుపుగా తీర్చిన శిల్పి ఎన్నో విగ్రహాలను అసంపూర్తిగా ఎందుకు వదిలేశాడు?

జవాబు: కావాలనే అలా వదిలాడని కొందరు విమర్శకులు అంటారు. చాలావరకు పరిస్థితులే కారణమని నా అభిప్రాయం. దావీదు విషయంలో ఫ్లోరెన్స్ పెద్దలకు కావలసింది ఒకే విగ్రహం. అంతకుముందు ఇద్దరు శిల్పులు వదిలేసిన రాతి నుంచి, 1501లో మొదలుపెట్టి 1504కల్లా 5.17 మీటర్ల ఆ విగ్రహాన్ని ఆయన ముగించాడు. పోప్ జూలియస్ సమాధి కథ వేరు. 1505లో బృహత్తరంగా తలపెట్టిన ఆ నిర్మాణాన్ని ఒప్పందం మారినప్పుడల్లా కుదిస్తూ పోయి, చివరకు 1545లో మోషే విగ్రహం ప్రధానంగా రోమ్‌లోని సాన్ పియెత్రో ఇన్ విన్కోలి చర్చిలో నిలిపారు. దానికోసం మొదలుపెట్టిన బందీల విగ్రహాలలో నాలుగు, చోటు లేక, రాతిలోనే చిక్కుకొని ఉండిపోయాయి. ఇప్పుడవి ఫ్లోరెన్స్‌లోని అకాదెమియా మ్యూజియంలో, దావీదు దగ్గరకు వెళ్లే దారికి ఇరువైపులా ఉన్నాయి. అక్కడికి వెళ్లే అవకాశం వస్తే దావీదు వైపు నేరుగా నడిచిపోకుండా ముందు వీటి దగ్గర ఆగండి. రాతి మీద ఉలి పళ్ల గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆయన ముందువైపు నుంచి లోపలికి ఎలా చెక్కుకుంటూ పోయేవాడో దావీదు కంటే ఇవే బాగా నేర్పుతాయి.

మిలాన్‌లోని రొందనీని పియెతా (చనిపోయిన క్రీస్తును పట్టుకున్న మరియ విగ్రహం) ఒక్కటి ఈ లెక్కలోకి రాదు. దాన్ని ఎవరూ అడగలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. 1564 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో మరణించడానికి కొద్ది రోజుల ముందు కూడా ఆయన దాని మీద పనిచేస్తూనే ఉన్నాడు.