డయాలసిస్ సూది గుచ్చేటప్పుడు శ్వాస వ్యాయామం చేస్తే నొప్పి తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఫిస్టులాలో (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో చేతిలో ధమనిని సిరకు కలిపిన చోటు) గుచ్చే సూదులు రక్తపరీక్ష సూది కంటే బాగా లావు, సాధారణంగా 15 నుంచి 17 గేజ్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ సూది లావు). పైగా ప్రతిసారీ రెండు గుచ్చుతారు. భయంతో ఒళ్ళు బిగబట్టి, ధ్యాసంతా సూది మీదే పెడితే అదే పోటు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. నిదానంగా ఊపిరి వదిలితే గుండె దడ తగ్గుతుంది, కండరాలు వదులవుతాయి, ధ్యాస మళ్ళుతుంది.

ఉదాహరణకు, టెక్నీషియన్ చర్మం తుడుస్తుండగానే మొదలుపెట్టండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి ఆరు దాకా వదలాలి. వదిలేటప్పుడే సూది దించమని ముందే చెప్పుకోండి. చెయ్యి మాత్రం కదపొద్దు.

చాలామంది శ్వాస వ్యాయామం అంటే గబగబా పెద్ద శ్వాసలు తీయడం అనుకుంటారు. అలా చేస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. శ్వాస వ్యాయామం మత్తు క్రీముకు (చర్మాన్ని మొద్దుబార్చే క్రీము) బదులు అనుకోవడమూ పొరపాటే. డాక్టరు క్రీము రాసిస్తే అది సుమారు గంట ముందు పూసుకుని, శ్వాస కూడా చేయొచ్చు.