టెక్ సందేహాలు: ఆ పచ్చ టిక్కుకు మీ కారు తెలియదు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు రాశారు: "మా పెదనాన్నగారు విదేశం నుంచి వచ్చేస్తూ తెచ్చుకున్న మాజ్దా ఎంఎక్స్-5, 1990ల మోడల్, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఏళ్ల తరబడి షెడ్డులో ఉండి టైర్లు పగుళ్లిచ్చాయి. ఎలాగూ మార్చాలి కదా అని టైరు సైజు యాప్‌లో చూస్తే 17 అంగుళాల రిమ్ములు, 205/40 టైర్లు సరిపోతాయని పచ్చ టిక్కు వచ్చింది. వాట్సాప్‌లో పరిచయమైన ఒకాయన దగ్గర ఆ సైజు సెకండ్‌హ్యాండ్ అలాయ్స్ ఉన్నాయట. కేటలాగ్ పంపాడు కానీ నా ఫోన్‌లో ఓపెన్ కావడం లేదు, తెలియని సోర్సుల నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి పర్మిషన్ అడుగుతోంది. ఇవ్వమంటారా? గాలి ఎంతుందో ఫోన్‌లో చూపించే బ్లూటూత్ సెన్సర్లు కూడా పెట్టించాలనుంది. సలహా ఇవ్వండి సార్."

ముందుగా ఆ కేటలాగ్ సంగతి. పర్మిషన్ ఇవ్వకండి, ఆ ఫైలు తీసేయండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఆ 17 అంగుళాల రిమ్ములూ కొనకండి.

యాప్ చెప్పింది కదా అని చక్రాలు కొనేసి, ఆ తర్వాత టైరు మడ్‌గార్డ్‌కు రాసుకుంటోందనో, స్టీరింగ్ వణుకుతోందనో రాసేవాళ్ల ఉత్తరాలు నాకు ఆగకుండా వస్తూనే ఉన్నాయి. కొనకముందు అడిగింది మీరొక్కరే. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం మీకే.

మీ కారు కంపెనీ నుంచి 14 అంగుళాల రిమ్ముతో, 185/60 టైరుతో వచ్చింది. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 60 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం. ఆ టైరు ఎత్తు 577.6 మిల్లీమీటర్లు. యాప్ చెప్పిన 205/40 ఆర్17 ఎత్తు 595.8. తేడా 3 శాతానికి కాస్త పైనే. టైర్ల పని తెలిసినవాళ్లు 3 శాతం దాటొద్దంటారు. అంటే యాప్ తాను చేయగలిగిన ఒకే ఒక్క లెక్కలో కూడా హద్దు దాటేసి, పచ్చ రంగు పూసి మీ ముందు పెట్టింది. స్పీడోమీటరు 100 చూపించినప్పుడు మీరు నిజానికి 103 మీద ఉంటారు.

అసలు సమస్య ఎత్తు కాదు. రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్. మీ పాత రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము సరిగ్గా మధ్య గీతకూ, హబ్బుకు, అంటే కారులో చక్రం బిగించే భాగానికి, ఆనుకునే ముఖానికీ ఉన్న దూరం, మిల్లీమీటర్లలో. అమ్మే ఆయన చెబుతున్న 17 అంగుళాల రిమ్ము 7.5 అంగుళాల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ ఉందనుకోండి. దాని బయటి అంచు ఇప్పుడున్న చోటు నుంచి 35 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. లోపలి అంచు 15 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపు జరుగుతుంది. రెండు వేళ్ల మందం బయటికి వచ్చిన టైరు పాత చిన్న కారులో, అదీ ఇద్దరు కూర్చుని స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు, మడ్‌గార్డ్ అంచుకు తగలకుండా ఉంటుందా? బేరింగుల మీద భారం పెరుగుతుంది, గుంతలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ చేతిలో లాగుతుంది. ఆ యాప్ ఆఫ్‌సెట్ ఎంతని ఎక్కడైనా అడిగిందా? అడగనప్పుడు "సరిపోతుంది" అనే మాట వాడే హక్కు దానికెక్కడిది? "ఎత్తు దగ్గరగా ఉంది" అని రాస్తే నిజాయతీగా ఉండేది.

మిగతా రెండు కొలతలు తొందరగా చెప్తాను. మీ కారుకు నాలుగు నట్లు, వాటి కేంద్రాల గుండా గీసిన వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. షాపుల్లో దీన్ని 4×100 పీసీడీ అంటారు. పాత ఫియట్ పాలియో లాంటి కార్లది 4×98. రెండు మిల్లీమీటర్లే కదా అని బలవంతంగా బిగించేవాళ్లున్నారు, నట్టు వంకరగా కూర్చుని తర్వాత వదులవుతుంది. మధ్య రంధ్రం మీ కారుకు 54.1 మిల్లీమీటర్లు. రిమ్ముది అంతకన్నా పెద్దదైతే మధ్యలో హబ్ రింగు వేయించాలి. వేయించకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 80 దాటగానే స్టీరింగ్ వణుకు పోకపోవచ్చు.

ఈ అంకెలన్నీ రిమ్ము మీదే ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో నేను చూసిన పద్ధతి చెప్తాను. మేస్త్రి రిమ్మును బోర్లా పడుకోబెట్టి, స్పోకుల వెనక వైపు పేరుకున్న బ్రేకు మసిని పాత గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టాడు. పోతపోసిన అక్షరాలు అప్పుడు పైకి తేలాయి: 15×6.5, ఈటీ 40. ఆ ఈటీ పక్కన ఉన్నదే ఆఫ్‌సెట్. తర్వాత ఇంటి నుంచి డబ్బాలో తెచ్చుకున్న చపాతీ పిండి చిన్న ముద్ద తీసి, కారు బ్రేకు కాలిపర్ (బ్రేకు డిస్కును పట్టి ఆపే భాగం) మీద నాలుగు చోట్ల అంటించాడు. రిమ్ము తగిలించి, రెండు నట్లు వేసి, చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి విప్పాడు. అణిగిన పిండిలో అగ్గిపుల్ల గుచ్చి కొలిస్తే మిగిలిన సందు ఎంతో తెలిసిపోయింది. మూడు మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఆ రిమ్ము వద్దంటాడు. నా ఫోన్‌లో ఉన్న ఏ యాప్ కన్నా ఆ పిండి ముద్ద మీదే నాకు నమ్మకం.

మీకు నేను చెప్పే సైజు అదే: 15 అంగుళాల రిమ్ము, 6.5 వెడల్పు, ఆఫ్‌సెట్ 38 నుంచి 40, టైరు 195/50. ఎత్తు 576 వస్తుంది, పాతదానికి రెండు మిల్లీమీటర్ల లోపే తేడా. టైరు గోడ 97 మిల్లీమీటర్లు ఉంటుంది. యాప్ చెప్పినదానిలో అది 82 మాత్రమే. విజయవాడ–గుంటూరు హైవే మీద ఏం కాదు కానీ, ఊళ్లోకి దిగాక వర్షానికి తేలిన కంకర గుంతలో పడితే ఆ సన్నటి టైరుకు పక్కన బొబ్బ లేస్తుంది, లేదా రిమ్ము అంచు వంగుతుంది. 14 అంగుళాల పాత రిమ్ములు బాగుంటే వాటికే కొత్త టైర్లు వేయించుకోవడం ఇంకా మేలు. టన్ను కూడా లేని కారుకు బరువైన పెద్ద రిమ్ములు వేస్తే పెదనాన్నగారు నడిపిన కారులా అనిపించదు. బరువు కోసం టైరు మీద 82 లేదా అంతకన్నా పెద్ద లోడ్ ఇండెక్స్ చూసుకోండి, 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోస్తుంది. తయారీ తేదీ నాలుగంకెలుంటుంది: 1424 అంటే 2024లో 14వ వారం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, క్లెయిమ్ దగ్గర గొడవ రాకుండా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఒక మాట రాసి పెట్టుకోండి.

ఇక నాకు అన్నిటికన్నా భయమేసిన విషయం: ఆ కేటలాగ్.

ఫోటోలు, రేట్ల పట్టిక పంపడానికి పీడీఎఫ్ చాలు. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోమని అడిగిందంటే అది కేటలాగ్ కాదు, ఏపీకే. అంటే ఒక యాప్. పేరు చివర ఏపీకే అని ఉంటుంది, ముందు మాత్రం అలాయ్ వీల్స్ రేట్లు అనో, ఆర్టీఓ చలానా అనో, పెళ్లి పత్రిక అనో ఉంటుంది. చలానా పేరుతో వచ్చే ఏపీకేలకు దేశమంతటా ఎంతమంది డబ్బు పోగొట్టుకున్నారో మీరు వార్తల్లో చూసే ఉంటారు. ఇది అదే మోసం, చక్రాల రూపంలో. కారు మీద ఇష్టం ఉన్నవాడు రిమ్ముల ఫోటో చూడటానికి తొందరపడతాడని వాళ్లకు తెలుసు.

లోపలికి వచ్చాక అది ముందు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మీకంటే ముందు వాళ్లకు చేరుతుంది. తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. చూపు సరిగా లేనివాళ్లకు ఫోన్ తెరను చదివి వినిపించడానికి పెట్టిన సదుపాయం అది. దాన్ని దొంగ చేతికిచ్చారంటే తెర మీద ఉన్నదంతా చదువుతుంది, మీ బదులు బటన్లు నొక్కుతుంది. కొన్ని తెర మీద ఉండే తమ ఐకాన్‌ను కూడా దాచేస్తాయి, వెతికినా అక్కడ కనిపించవు. మీరు మాత్రం రిమ్ముల కోసం ఎదురుచూస్తూ, ఫైలు పాడైందేమో మళ్లీ పంపమని అతన్నే అడుగుతుంటారు.

ఫోన్ మిమ్మల్ని ఆపింది చూశారా, ఆ హెచ్చరిక విసుగు పుట్టించడానికి పెట్టింది కాదు. దాన్ని దాటేయడానికి ఒక్క స్విచ్చి చాలు. ఆ స్విచ్చి నొక్కమని ఎవరు అడిగినా, ఎంత తెలిసినవాళ్లైనా, అక్కడితో మాట ఆపేయండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఈ కాలమ్ చదువుతుంటే: ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆఫ్ చేయండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే 1930కు వెంటనే చేయండి. ఎంత ముందు చేస్తే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాతే ఫోన్ శుభ్రం చేయడం. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా సాయంత్రం దాకా ఆగితే ఆ గంటల్లోనే డబ్బు చేతులు మారిపోతుంది.

ఆర్‌సీ ఫోటో కూడా అతనికి పంపకండి. టైరు సైజు చెప్పడానికి ఛాసిస్ నంబరు, ఇంటి అడ్రసు ఎవరికీ అక్కర్లేదు. అడ్వాన్సు కోసం క్యూఆర్ పంపితే స్కాన్ చేయకండి. రిమ్మును కళ్లతో చూసి, వెనక ఈటీ అంకె చదివి, పిండి ముద్ద పెట్టి చూశాకే డబ్బు.

మీ చివరి ప్రశ్న, బ్లూటూత్ సెన్సర్లు. వాల్వు మూత స్థానంలో బిగించే నాలుగు చిన్న బిళ్లలు, ఫోన్‌లో ఒక యాప్. పని వరకూ చేస్తాయి. కానీ ఈ తరహా యాప్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆండ్రాయిడ్ 12 కంటే ముందు బ్లూటూత్ పరికరాన్ని వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పేది కాదు, అది ఫోన్ పద్ధతి. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక, దగ్గర్లో ఉన్న పరికరాలకు వేరే అనుమతి పెట్టారు, లొకేషన్ అక్కర్లేదు. ఇన్నేళ్లయినా చాలా టైరు యాప్‌లు లొకేషనే అడుగుతున్నాయి, అదీ ఎల్లవేళలా. కొన్ని మొబైల్ నంబరుతో ఖాతా తెరిస్తే తప్ప గాలి ఎంతుందో చూపించవు. టైరుకూ నా ఫోన్‌కూ మధ్య దూరం రెండు మీటర్లు. ఆ అంకె వేరే దేశంలో ఉన్న సర్వరు దాకా వెళ్లి ఎందుకు తిరిగి రావాలి? నెట్ లేని చోట టైరు పంచరైతే ఖాతాలోకి లాగిన్ అవమనే పరికరాన్ని భద్రతా పరికరమని ఎలా అమ్ముతారు? అడిగేవాళ్లు లేరు కాబట్టి మారడం లేదు. స్టార్లు ఇచ్చేటప్పుడు కాస్త ఈ సంగతి కూడా రాయండి, వందమంది రాస్తే ఎవరో ఒకరు చదువుతారు.

కంపెనీ నుంచే సెన్సర్లతో వచ్చే కార్లు కూడా పూర్తిగా గుట్టుగా ఉండవు. 2010లో అమెరికాలో రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు టైరు సెన్సర్ల సంకేతాలను 40 మీటర్ల దూరం నుంచి పట్టుకున్నారు. ప్రతి సెన్సరుకూ మారని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానికి తాళం లేదు, అంటే పట్టుకున్నవాళ్లెవరైనా చదవగలరు. దొంగ సంకేతం పంపి డాష్‌బోర్డు మీద గాలి తగ్గిందన్న హెచ్చరిక కూడా వెలిగించగలిగారు. మిమ్మల్ని ఎవరో వెంటాడుతున్నారని భయపెట్టడానికి కాదు ఇది, సంకేతాలకు తాళం వేయని పరికరాలను మనం అప్పటి నుంచీ కొంటూనే ఉన్నామని చెప్పడానికి.

మీరు సెన్సర్లు పెట్టాలనుకుంటే ఫోన్ అక్కర్లేని, సొంత చిన్న డిస్‌ప్లే ఉన్న రకం తీసుకోండి. లేదా మంచి గేజి ఒకటి కొనుక్కుని పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. మీ కారుకు కంపెనీ చెప్పిన గాలి 26 పీఎస్ఐ. బంకులో అడగకపోతే 33 కొట్టేస్తారు, ఆ తేలిక కారు గులకరాయి తగిలినా ఎగురుతుంది. కాబట్టి గొట్టం తగిలించకముందే అంకె చెప్పండి. మే నెలలో మధ్యాహ్నం బండి నడిపి వచ్చాక గేజిలో రెండు మూడు పీఎస్ఐలు ఎక్కువ కనిపిస్తాయి, అది టైరు నడిచిన వేడి, ఎండ, రోడ్డు వేడి. గాలి తీసేయకండి.

కొత్త చక్రాలు బిగించాక మొదటి 50, 100 కిలోమీటర్ల మధ్య మళ్లీ షాపుకు వెళ్లి నట్లు టార్క్ రెంచితో (బిగుతు కొలిచే పానా) చూపించుకోండి. గన్నుతో ఒక్కసారి టర్రుమని కొట్టి వదిలేస్తే ఒప్పుకోకండి.