అట్ట స్టేషనుకి ఇటుక గోడ కాగితం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నౌపడ–గుణుపూర్ నేరోగేజి రోజుల నాటి చిన్న స్టేషను ఒకటి హెచ్‌ఓ స్కేలులో (1:87) అట్టతో కడుతున్నాను. నెట్‌లో దొరికిన ఇటుక గోడల బొమ్మలు ప్రింటు తీస్తే ఒకసారి ఇటుకలు మరీ పెద్దవిగా, ఇంకోసారి చుక్కల్లా వస్తున్నాయి. సరైనవి ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: గోడ అసలు కొలత తెలియని బొమ్మ ఎంత చక్కగా ఉన్నా స్కేలుకి తేలేరు. పోలీ హేవెన్, యాంబియంట్‌సీజీ సైట్లలో ఇటుక, గార, చెక్క టెక్స్చర్లు (ఉపరితలాల బొమ్మలు) ఉచితం. ఒక్కోదానికి నాలుగైదు ఫైళ్లుంటాయి. కలర్ లేదా డిఫ్యూజ్ అన్నది ఒకటే మీకు కావాలి. మోడళ్ల కోసమే చేసిన స్కేల్‌సీన్స్ ప్రింటు షీట్లు డబ్బు పెట్టి కొనాలి, కానీ ఒకసారి కొంటే మీ వాడకానికి ఎన్నిసార్లైనా ప్రింటు తీసుకోవచ్చు. అవి 1:76కి చేసినవి కాబట్టి 87 శాతానికి తగ్గించండి. అయితే అది ఇంగ్లండు ఇటుక. సున్నం పెచ్చులూడిన మన గోడ కావాలంటే మీరే ఫొటో తీసుకోవడం మేలు. స్టేషనుకే వెళ్లనక్కర్లేదు, పాత ప్రహరీ గోడైనా చాలు.

మబ్బు పట్టిన రోజు తీయండి. ఎండలో తీస్తే ప్రతి వరస కిందా నీడ పడుతుంది, ఆ నీడ మోడల్ నాలుగు గోడల మీదా ఒకే వైపు కనిపించి మోసం బయటపడుతుంది. వెనక్కి జరిగి, కొద్దిగా జూమ్ చేసి, గోడకి ఎదురుగా నిలబడి తీయండి. దగ్గరగా తీస్తే అంచుల్లో వరసలు వంగుతాయి. ఆ గోడ మీదే పది వరసల ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. అది 80 సెం.మీ. ఉందనుకుంటే, 800ని 87తో భాగిస్తే 9.2 మి.మీ. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) ప్రింటుకి మి.మీ.కి 23.6 పిక్సెళ్లు, అంటే ఆ పది వరసలూ 217 పిక్సెళ్ల ఎత్తు రావాలి. 300 డీపీఐ చాలదు: 10 మి.మీ. దర్జు (ఇటుకల మధ్య సందు) ఈ స్కేలులో 0.11 మి.మీ. మాత్రమే, ఒక పిక్సెల్‌కి కాస్త ఎక్కువ. అందుకే మీ దర్జులు మాయమై ఎర్ర మచ్చ మిగులుతోంది.

జెరాక్స్ షాపుకి పీడీఎఫ్ ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. పేజీ మూలన 100 మి.మీ. గీత ఒకటి గీసి పెట్టండి. ప్రింటులో అది 97 వచ్చిందంటే ‘ఫిట్ టు పేజ్’ మీద తీశారన్నమాట. ‘యాక్చువల్ సైజ్’ పెట్టించి మళ్లీ తీయించండి.

పట్టాలకి, ఇంకా చిన్నదైన ఎన్ స్కేలు మోడళ్లకి చేసే 9 మి.మీ. ఎన్ గేజి ట్రాకు వాడుకోవచ్చు. ఆ నేరోగేజి లైను పట్టాల మధ్య వెడల్పు 762 మి.మీ., 87తో భాగిస్తే 8.76.

ప్రశ్న: గోడలు వారం తిరక్కుండానే వంగిపోతున్నాయి. మూలల్లో తెల్ల గీత కనిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఫెవికాల్‌లోని నీరు కాగితాన్ని సాగదీస్తుంది, ఆరాక కాగితం ముడుచుకుని అట్టని తనవైపు లాగుతుంది. గ్లూ స్టిక్ వాడండి, లోపలి వైపు కూడా అదే మందం మామూలు కాగితం అంటించి రాత్రంతా బరువు కింద ఉంచండి. మూలల్లో రెండు ముక్కలు కలపకుండా ఒకే కాగితాన్ని చుట్టూ తిప్పండి. లేజర్ ప్రింటులో మడత దగ్గర టోనర్ పెచ్చులూడుతుంది, ఇంక్‌జెట్‌లో ఆ బెడద లేదు. కిటికీల కోత అంచులకి అదే రంగు కలర్ పెన్సిల్‌తో రుద్దండి, నీటిరంగు వద్దు, ఇంక్‌జెట్ సిరా చెదిరిపోతుంది.

ప్రశ్న: బెంగుళూరు పెంకుల కప్పు ప్రింటు చప్పగా ఉంది.
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఒకే కాగితంగా అంటించకండి. వరసకొక పట్టీ, 5 మి.మీ. వెడల్పున కోయండి. చూరు నుంచి మొదలుపెట్టి పైకి, ప్రతి పట్టీ కింది పట్టీ మీద 1.3 మి.మీ. ఎక్కేలా అంటించండి. కనిపించే 3.7 మి.మీ. అసలు పెంకులో సుమారు 32 సెం.మీ.కి సమానం. కాస్త మందమైన 120 జీఎస్‌ఎం కాగితమైతే అంచు నీడ చక్కగా పడుతుంది.