పూల తీగతో ఇంటికి చాటు: ముందు ఆకును చూడాలి, తరువాతే పువ్వును

ప్రశ్న: పొలంలోనే ఇల్లు కట్టుకున్నాం. పడమటి వాకిటిని ఆనుకొని డొంక దారి ఉండటంతో వచ్చేపోయే వారికి ఇంటి పనులన్నీ కనిపిస్తున్నాయి. 30 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తున ఇనుప జాలీ పెట్టించి రెండేళ్ల కిందట రెండు సన్నజాజి మొక్కలు నాటాం. అవి పైకి పాకి అక్కడే గుబురుగా అల్లుకున్నాయి గానీ కింద ఉత్త కాడలే మిగిలాయి. మాది నల్లరేగడి. బోరు నీరు కాస్త ఉప్పన. రెండు గేదెలు, కొన్ని మేకలు ఉన్నాయి. ఏడాదంతా పూస్తూ చాటుగా ఉండే తీగ ఏదో తెలుపగలరు.
– ఒక మహిళా రైతు, పల్నాడు జిల్లా

జవాబు: మీరు నాటిన సన్నజాజిలో గానీ, మీ పోషణలో గానీ లోపమేమీ లేదు. ఏ తీగకైనా కొన చిగురు వెలుతురు కోసం పైకి పరుగెత్తడం సహజం. ఆ చిగురు నిటారుగా పెరుగుతున్నంత కాలం అందులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి, కింది కణుపుల్లోని మొగ్గలను విచ్చుకోనివ్వదు. ఈలోగా పై గుబురు నీడకు కింది ఆకులు పండి రాలిపోతాయి. పైగా జాజి జాతులను ఏటా డిసెంబరు–జనవరి నెలల్లో బాగా కిందికి కత్తిరిస్తేనే పూత బాగుంటుంది. కత్తిరిస్తే రెండు నెలల పాటు మీకు చాటు ఉండదు, కత్తిరించకపోతే పూలు తగ్గుతాయి. అందువల్ల చాటు కోసం తీగను ఎంచుకునేటప్పుడు, మే నెల ఎండల్లో నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తు వరకు దానికి ఆకు నిలుస్తుందా లేదా అన్నది మొదట చూసుకోవాలి. పూల అందం, వాసన ఆ తరువాతి సంగతి.

మీ పరిస్థితికి రాధామనోహరం అన్నిటికంటే తగినదని నా అభిప్రాయం. దీని ఆకు వెడల్పుగా, దట్టంగా ఉంటుంది, మొదలు నుంచి కొత్త పిలకలు వస్తూనే ఉంటాయి కాబట్టి కింది భాగాన్ని మళ్లీ మళ్లీ కప్పుకునే అవకాశం ఉంది. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మరునాటికి గులాబీ రంగులోకి, ఆపై ఎరుపులోకి మారుతుంది కనుక ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి, రాత్రి వేళ మంచి వాసన వస్తుంది. ఆకు రాలినా కాడ మొదలు భాగం కొమ్మపైనే ఉండి గట్టిపడి ముల్లులా మారుతుంది. దాని ఆసరాతోనే తీగ జాలీని పట్టుకుంటుంది. ముదురు కొమ్మలను వట్టి చేతులతో లాగవద్దు.

రాధామనోహరం ప్రధానంగా వేసవి నుంచి వానాకాలం చివరి వరకు పూసి, చలికాలంలో కొంత ఆకు రాల్చి పలచబడుతుంది. ఏడాదంతా ఒకే తీరున పూసే తీగను మీకు సూచించలేను. అయితే కాగితం పూల తీగ, అంటే బోగన్‌విలియా, వానలు వెనుకబట్టాక నేల ఆరినప్పుడే నిండుగా రంగు పడుతుంది. ఉప్పు నీటినీ బాగా తట్టుకుంటుంది. అందుచేత జాలీకి రెండు చివర్లలో ఒక్కొక్క కాగితం పూల మొక్క, మధ్యలో ఆరేసి అడుగుల ఎడంతో నాలుగు రాధామనోహరం మొక్కలు నాటుకోండి. కాగితం పూల తీగ తనంతట తాను చుట్టుకోలేదు కాబట్టి కొమ్మలను జాలీకి కట్టాల్సిందే. దానికి నీరు, నత్రజని ఎక్కువైతే ఆకే తప్ప పూత ఉండదు. డ్రిప్ వేసుకుంటే ఆ రెండు మొక్కలకు విడిగా వాల్వు పెట్టుకోవడం మంచిది.

నీటి విషయం తేలికగా తీసుకోవద్దు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, పరీక్షా కేంద్రంలో గానీ బోరు నీటిని పరీక్ష చేయించండి. నీటిలో కరిగిన ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత (ఈసీ) మీటరుకు 2.25 డెసీసైమన్లు దాటితే ఆ నీరు నల్లరేగడిలో ఉప్పును పేరుస్తుంది. అప్పుడు రాధామనోహరం ఆకు అంచులు మాడిపోయే ప్రమాదం ఉంది కనుక ఆరు మొక్కలూ కాగితం పూలవే పెట్టుకోవడం మేలు.

జూన్–జులైలో మంచి వాన పడ్డాక, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి, ఒక్కో దానిలో 10 కిలోల చివికిన పశువుల ఎరువు, పావు కిలో వేపపిండి మట్టితో కలిపి నింపండి. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్లకుండా మొక్కను చుట్టూ నేల కంటే అరడుగు ఎత్తైన దిబ్బపై నాటాలి.

ఇక అసలు మెలకువ తీగను అల్లించడంలో ఉంది. మొక్క రెండడుగులు పెరగగానే కొన చిగురును గోటితో గిల్లేయండి. వారం పది రోజుల్లో కింది కణుపుల నుంచి రెండు మూడు కొమ్మలు వస్తాయి. వాటిని పైకి పోనివ్వకుండా ఒకదాన్ని కుడికి, ఒకదాన్ని ఎడమకు, నేలకు అడుగు ఎత్తులో జాలీ వెంట అడ్డంగా వంచి నారతో వదులుగా కట్టండి. కొమ్మ అడ్డంగా ఉన్నప్పుడు కొన చిగురు పెత్తనం తగ్గి, కొమ్మ పొడవునా ఉన్న మొగ్గలు విచ్చుకుంటాయి. అవే నిలువుగా లేచి జాలీని కప్పుతాయి. రెండో వరుసను మూడడుగుల ఎత్తులో, మూడో దాన్ని అయిదడుగుల ఎత్తులో ఇలాగే అడ్డంగా సాగదీయాలి. మొదటి ఏడాది తీగ పైకి చేరలేదని ఆత్రపడి వదిలేస్తే మళ్లీ సన్నజాజి కథే అవుతుంది. పడమటి ఎండకు ఇనుము బాగా వేడెక్కి లేత చిగుళ్లు కమిలే వీలుంది కాబట్టి అడ్డ కమ్మీలకు కొబ్బరి తాడు చుట్టించండి.

మూడో ఏడాది నుంచి ఏటా ఫిబ్రవరిలో, ముదురు కొమ్మల్లో మూడో వంతు మాత్రమే నేలకు అడుగు ఎత్తులో కోయండి. రాధామనోహరం ఆ ఏడు వచ్చిన కొత్త కొమ్మలపైనే పూస్తుంది కాబట్టి పూతకు నష్టం ఉండదు, మిగిలిన రెండు వంతుల వల్ల చాటూ చెడదు.

మేకలు సరిగ్గా మీకు చాటు కావలసిన ఎత్తులోనే ఆకును మేస్తాయి. రెండేళ్ల పాటు దారి వైపున ముళ్లకంప గానీ వల గానీ కట్టక తప్పదు. పసుపు పూల అందానికి ఆశపడి అల్లమండను తెచ్చుకోవద్దు, దాని పాలు విషపూరితం. నాభి, గురువింద తీగలను కూడా పశువులు, పిల్లలు తిరిగే వాకిట పెంచవద్దు. నాభి దుంప, గురువింద గింజ ప్రాణాంతకం.

ఆకు కప్పిన జాలీకి గాలి తాకిడి ఎక్కువ. వేసవి గాలివానకు ఒరిగిపోకుండా ప్రతి ఆరేడు అడుగులకు ఒక స్తంభం రెండడుగుల లోతున కాంక్రీటులో పాతి ఉండాలి. లేకపోతే మొక్కలు నాటక ముందే సరిచేయించండి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి ఆకుల అడుగు భాగం తడిసేలా పిచికారీ చేయండి.

సన్నజాజిని తీసేయవద్దు. జనవరిలో అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, ఆ తరువాత వచ్చే కొమ్మలను వాకిటి లోపలి వైపు చిన్న పందిరి వేసి దాని మీదికి పాకించండి. రాధామనోహరం పూర్తిగా కప్పడానికి రెండు వానాకాలాలు పడుతుంది. ఈ ఏటికి మొక్కల మధ్య ఖాళీల్లో శంఖుపుష్పం గింజలను రాత్రంతా నానబెట్టి విత్తుకోండి. రెండు నెలల్లో పూతకు వస్తుంది, పప్పుజాతి కాబట్టి నేలకూ మంచిది. అది రాధామనోహరం చిగుళ్లను చుట్టుకోకుండా వారానికోసారి పక్కకు తప్పిస్తూ, సంక్రాంతి తరువాత కోసి గేదెలకు పచ్చిమేతగా వేయవచ్చు.