కెమెరాకు చిక్కనిది ఏమిటో ముందు చూడు

జయనగరం, బెంగళూరు.

చిరంజీవి మధుకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఎదుట జంతువు కదిలితే తనంతట తానే ఫోటో తీసే ట్రెయిల్ కెమెరా, మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చినదాన్ని మూడు రాత్రులు మీ అపార్టుమెంటు కిటికీలో ఉంచి చూశాననీ, కింద దారిలో ఎంతమంది నడిచినా అది ఒక్క ఫోటో తీయలేదనీ, రాత్రి నీవే మీట నొక్కి తీస్తే తెల్లటి వెలుగు తప్ప మరేమీ కనబడలేదనీ, దాన్ని తిరిగి పంపించేయాలనుకుంటున్నాననీ నిన్న ఫోన్‌లో చెప్పావు. తొందరపడవద్దు. నీవు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే కెమెరాలో లోపం లేదు. దాన్ని మూసిన అద్దం వెనుక ఉంచడమే పొరపాటు.

ఆ పెట్టె మీద ఇన్‌ఫ్రారెడ్ అని ఒకే మాట రాసి ఉన్నా, అందులో పనిచేసే పరారుణ కిరణాలు రెండు రకాలవి. మొదటివి జంతువు ఒంటి వేడి వల్ల దాని నుంచే వెలువడేవి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 10 మైక్రాన్లు. కెమెరా ముఖాన పాలరంగులో ఉబ్బెత్తుగా ఉండే ప్లాస్టిక్ బిళ్ల వెనుక ఒక సెన్సర్ ఉంటుంది. ఆ కిరణాలు ఒక పక్క నుంచి మరొక పక్కకు కదిలినప్పుడు కలిగే తేడాను అది పసిగట్టి కెమెరాను నిద్రలేపుతుంది. మామూలు గాజు ఈ కిరణాలను దాటనివ్వదు కనుక, అద్దం అవతల ఏనుగు నడిచినా మన సెన్సర్‌కు తెలియదు. రెండో రకం కెమెరాయే తన ఎల్‌ఈడీ దీపాలతో చీకట్లోకి వెదజల్లేవి; అవి 850 లేదా 940 నానోమీటర్లవి, అంటే ఒక మైక్రాన్‌కు లోపే. ఇవి గాజును దాటగలవు కానీ, కొంత భాగం అద్దం మీద తగిలి వెనక్కు వచ్చి లెన్సును కమ్మేస్తుంది. నీకు కనబడిన తెల్లటి వెలుగు అదే. 850 రకం దీపాలు రాత్రి దగ్గర నుంచి చూస్తే నిప్పురవ్వల్లా మసక ఎరుపుగా కనబడతాయి, 940 రకం కనబడవు. అయితే కనబడని వాటి వెలుగు అంత దూరం పోదు. నీ కెమెరా ఏ రకానిదో ఈ రాత్రి దీపాలు ఆర్పి చూసి తెలుసుకో.

ఆనేకల్ అవతల నీవు కొన్న తోట ముత్యాలమడుగుకు పోయే దిక్కున, బన్నేరుఘట్ట అడవి అంచున ఉంది. అక్కడ రాత్రివేళ ఏమేం తిరుగుతున్నాయో తెలుసుకోవాలన్న నీ కోరిక మంచిదే. అయితే తోటలో కట్టిన మరునాటి నుంచే ఫోటోలు చూసి సంబరపడడం పరీక్ష కాదు. వచ్చిన ఫోటోలు కెమెరా ఏం పట్టిందో చెబుతాయి తప్ప, ఏం వదిలేసిందో చెప్పవు. ఈ తేడా తెలియక నేను చేసిన తప్పు ఒకటి నీకు ఇంతవరకు చెప్పలేదు.

కొన్నేళ్ల కిందట రాగిహళ్లి వైపు ఒక స్నేహితుడి తోటలో కాలిబాట పక్కన నేను కెమెరా కట్టాను. బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని, ఒక ఫోటోకూ తరువాతి ఫోటోకూ మధ్య అయిదు నిమిషాల విరామం పెట్టాను. ఇరవై రాత్రుల్లో కుందేళ్లు, అడవిపందులు, ఒక పునుగుపిల్లి, ఊరకుక్కలు వచ్చాయి, చిరుత రాలేదు. పక్క పొలం రైతు, మన తెలుగువాడే, చిరుత జాడ ఏమైనా ఉందా అని అడిగితే, లేదని ధీమాగా చెప్పాను. ఆ మాట నమ్మి ఆయన మేకల దొడ్డికి పైకప్పు వేయించే పనిని పండుగ తరువాతకు వాయిదా వేశాడు. నాలుగో రాత్రి రెండు మేకలు పోయాయి. తెల్లవారి వెళ్లి చూస్తే, ముందు రోజు తుంపరకు మెత్తబడిన బాట మీద, సరిగ్గా నా కెమెరా ముందు, గోళ్ల గుర్తులతో సహా కుక్క అడుగులు ఉన్నాయి; వాటి మీదనే, గోళ్లు కనబడని వెడల్పాటి చిరుత అడుగులు పడి ఉన్నాయి. కెమెరాలోని మెమరీ కార్డు తీసి చూస్తే రాత్రి 2 గంటల 14 నిమిషాలకు కుక్క ఫోటో ఉంది. తరువాత ఏమీ లేదు. కుక్క వెనకాలే చిరుత నడిచి వెళ్తున్నంతసేపూ కెమెరా నేను పెట్టిన విరామంలో ఊరికే ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కనుక ఈ పని చెయ్యి. కెమెరా ఎదురుగా బాటకు అడ్డంగా ఒక గజం వెడల్పున నేలను గుల్లచేసి, జల్లెడ పట్టిన మెత్తటి మట్టిని అంగుళం మందాన పరచి, చెక్కతో సాపు చెయ్యి. రోజూ ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూట దాని మీది అడుగులను చూసి నోటుపుస్తకంలో రాసుకొని, మళ్లీ సాపు చేసి రావాలి. పది రోజుల తరువాత మాత్రమే కార్డు తీసి, మట్టి చెప్పినదాన్ని, కెమెరా చెప్పినదాన్ని పక్కపక్కన పెట్టి చూడు. మట్టిలో ఉండి కార్డులో లేని ప్రతి అడుగు ఒక ప్రశ్న: జంతువు చిన్నదా, దూరంగా నడిచిందా, వేగంగా పోయిందా, విరామంలో వచ్చిందా? వాన పడిన రోజులను లెక్కలో నుంచి తీసివెయ్యి. కర్ణాటకలోనే నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ 1990ల ఆరంభంలో పులుల చారలను బట్టి ఒక్కొక్క పులినీ గుర్తుపట్టి లెక్కించడం మొదలుపెట్టినప్పుడు కూడా కీలకం ఇదే. ఒకసారి చిక్కిన పులి మళ్లీ ఎన్నిసార్లు చిక్కిందన్న లెక్క నుంచి, అసలు చిక్కనివి ఎన్ని ఉంటాయో అంచనా కట్టారు. మనకు అంత గణితం అవసరం లేదు, జల్లెడ చాలు.

మట్టి పరచడానికి ముందు ఒక రోజు కొలతలకు కేటాయించు. కొబ్బరితాడుకు 3, 5, 8, 10, 15 మీటర్ల దగ్గర ముళ్లు వేసి, కెమెరా నుంచి నేరుగా ముందుకు పరచు. చాలా కెమెరాల్లో నడక పరీక్ష అని ఒక అమరిక ఉంటుంది. సెన్సర్ పసిగట్టినప్పుడల్లా చిన్న దీపం వెలుగుతుంది. ఒక్కొక్క ముడి దగ్గర తాడుకు అడ్డంగా నడిచి, తరువాత తాడు వెంబడి కెమెరా వైపు నడిచి చూడు. అడ్డంగా నడిస్తే పదిహేను మీటర్ల దగ్గర పసిగట్టేది, ఎదురుగా వస్తే చాలా దగ్గరికి వచ్చేదాకా ఊరుకోవచ్చు, ఎందుకంటే సెన్సర్‌కు పక్కవాటు కదలికే బాగా అందుతుంది. మనిషి ఎత్తున నడిస్తే సరిపోదు. చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి కూడా పాకి చూడాలి. నేను అలా పాకుతుంటే మా తోట కాపలాదారు ముసలాయన నవ్వు ఆపుకోలేక నీళ్లు తెచ్చే నెపంతో బావి దగ్గరికి వెళ్లిపోయాడు. నీకు పెంపుడు కుక్క ఉంది కనుక ఆ అవస్థ తప్పుతుంది.

ఇదంతా తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి తొమ్మిదికి, మూడుసార్లు చెయ్యి. మన బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండడం వల్ల ఈ కార్తీకమాసపు రాత్రుల్లో చలికీ ఒంటివేడికీ తేడా బాగా ఉంటుంది, సెన్సర్ చురుకుగా ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 35 డిగ్రీల ఎండలో నేలా, చెట్టూ, జంతువు తోలూ ఇంచుమించు ఒకే వేడికి వస్తాయి కనుక అదే కెమెరా మందగిస్తుంది. ఇప్పుడు వచ్చిన దూరాలను వేసవికి కూడా నమ్ముకోవద్దు.

కెమెరా ఎంత త్వరగా మేలుకొంటుందన్నది పెట్టె మీద సెకనులో ఇన్నో వంతు అని రాసి ఉంటుంది. దాన్ని నీవే చూసుకో. జంతువు సెకనుకు ఒకటిన్నర మీటరు నడుస్తోందనుకో. అర సెకను ఆలస్యమైతే ముప్పాతిక మీటరు, ఒక సెకను ఆలస్యమైతే ఒకటిన్నర మీటరు జరిగిపోతుంది. లెన్సు చూపు 50 డిగ్రీలైతే మూడు మీటర్ల దూరంలో దానికి కనబడే వెడల్పు మూడు మీటర్ల లోపే. కాబట్టి బాటకు మరీ దగ్గరగా కడితే తోకల ఫోటోలు వస్తాయి. బాటకు నాలుగైదు మీటర్ల దూరంలో, కొంచెం ఏటవాలుగా కడితే చూపులో ఎక్కువసేపు నిలుస్తాయి. విరామం వీలైనంత తక్కువ పెట్టి, ఒక్కొక్కసారి మూడు ఫోటోలు తీయించు. మెగాపిక్సెళ్ల అంకెలను పట్టించుకోవద్దు. చవక కెమెరాల్లో చిన్న ఫోటోను సాగదీసి పెద్ద అంకె వేయడం మామూలే.

కట్టే చోటు గురించి రెండు మాటలు. మీ గట్టున ఉన్న నీలగిరి చెట్లకు కట్టవద్దు. గాలికి అవి ఊగితే కెమెరా కూడా ఊగి, ఎండకు కాగిన ఆకులన్నీ జంతువుల్లా తోచి, ఒక్క రోజులో వందల ఖాళీ ఫోటోలు నింపుతుంది. కంచెకు పాతిన రాతి కూసాలు ఉన్నాయి కదా, వాటికి మించినది లేదు. నేల నుంచి మోకాలి ఎత్తున, సుమారు 45 సెంటీమీటర్ల దగ్గర, ముఖం ఉత్తరానికి ఉండేలా కట్టు. తూర్పుకో పడమరకో పెడితే ఉదయమో సాయంత్రమో సూర్యుడే కళ్లలో పడతాడు. ముందున్న గడ్డిని, లాంటానా కొమ్మలను కోసివెయ్యి. ఖాళీ ఫోటోలూ, మనం వెతకని వాటి ఫోటోలూ ఎలాగూ వస్తాయని కూడా తెలుసుకో. 2018 నాటి జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3,48,58,623 ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651, అంటే వెయ్యికి రెండుకు కాస్త పైన.

రాగి కంకులు ముదురుతున్న ఈ రోజుల్లో ఏనుగులు పొలాల మీదికి వస్తాయి, తమ దారిలో కొత్తగా కనబడిన పెట్టెను తొండంతో పీకి విసిరివేయడం వాటికి సరదా. అవి వచ్చే దారిలో పరీక్ష పెట్టుకోవద్దు. ఉదయమే వెళ్లి మట్టి చూసేటప్పుడు కూడా తోటమనిషిని వెంటబెట్టుకొని, బాగా వెలుతురు వచ్చాకనే వెళ్లు.

బ్యాటరీలు ఎనిమిదీ ఒకే రకానివి, ఒకేసారి కొన్నవి వెయ్యి. మామూలు ఆల్కలైన్ ఒక్కొక్కటి 1.5 వోల్టులు, ఛార్జి చేసుకొనే రకం 1.2 వోల్టులు; కొన్ని కెమెరాలు రెండో రకంతో పగలు బాగానే పనిచేసి రాత్రి దీపం మసకబారుస్తాయి. ఎస్పీ రోడ్డులో రెండూ దొరుకుతాయి కనుక రెండింటితోనూ ఒకే చోట, ఒకే దూరంలో రాత్రి ఫోటో తీసి పోల్చు. కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి. అమెరికా అమరికలో నెల ముందు, తేదీ తరువాత వస్తుంది. ఏప్రిల్ 3ను మార్చి 4గా చదివి బుర్ర పాడుచేసుకొన్నవాడిని నేను. సిమ్‌తో ఫోటోలు పంపే రకమైతే, అక్కడి కంపెనీ నెట్‌వర్క్‌కే ముడిపెట్టి ఉండవచ్చు కనుక ఇక్కడ అది పనిచేస్తుందని ఆశపడకు.

తేమ సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. బ్యాటరీలూ కార్డూ తీసి, లోపల పొడి కాగితం పెట్టి, మూత బిగించి, మొక్కలకు పోసే జల్లుడబ్బాతో పావుగంట నీళ్లు చల్లు. కాగితం తడిస్తే మూత చుట్టూ ఉన్న రబ్బరు మీద ఇసుక రేణువు ఉందేమో చూడు. తోటలో మాత్రం నీటికన్నా చీమలే ఎక్కువ బాధపెడతాయి. వారానికొకసారి తెరచి దులపకపోతే లోపల గుడ్లు పెట్టి కాపురం ఉంటాయి.

ఇక అన్నయ్య చెప్పిన వేట సంగతి. అమెరికాలో వేటగాళ్లు వేటకాలానికి ముందే జింకల రాకపోకలు తెలుసుకోవడానికి దీన్ని కడతారు. ఫోటో అంచున చంద్రకళ గుర్తు అచ్చవడం కూడా వారి కోసమే. ఆ దేశంలోనూ దాని మీద పేచీలు ఉన్నాయి; అరిజోనా రాష్ట్రంలో వేటకు సాయంగా ఈ కెమెరాలు వాడడాన్ని 2022 జనవరి నుంచి నిషేధించారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనే నిషేధించింది, పైగా ఆ చట్టం ప్రకారం ఎర పెట్టడం కూడా వేట కిందికే వస్తుంది. అన్నయ్య చూపించిన వీడియోలో మాదిరిగా కెమెరా ముందు మొక్కజొన్న కంకో, పనసపండో, మాంసమో పెట్టవద్దు. కెమెరా నీ పట్టా భూమిలోనే ఉండాలి. కంచె దాటి అడవిలోకి ఒక్క గజం పోవాలన్నా అటవీశాఖ అనుమతి లేనిదే కుదరదు. తోటలో కడుతున్నట్లు రేంజి ఆఫీసులో ముందే ఒక ఉత్తరం ఇచ్చి రా. చిరుత ఫోటో వస్తే చోటు పేరుతో నలుగురికీ పంపకు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊరి ఆడవాళ్లు తెల్లవారుజామున నడిచే బాట మీదికి దాని ముఖం తిప్పవద్దు. ఎవరి ఫోటో అయినా పడితే వెంటనే తీసివెయ్యి.

వచ్చే ఆదివారం నేను ఆనేకల్ బస్సులో పది గంటలకల్లా దిగుతాను. జల్లెడ, తాడు నేను తెస్తాను. అప్పటిదాకా కార్డులోని ఫోటోలను, మనుషులవి తప్ప, ఖాళీగా ఉన్నవాటితో సహా ఒక్కటీ చెరిపివేయకుండా ఉంచు. అక్కయ్యకు నా మాటగా చెప్పు, మధ్యాహ్నం భోజనానికి రాగిసంగటి అయితే చాలు.

ఇట్లు,
మామయ్య