రాళ్లు చదువుతానంటే అంత కంగారెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో డిగ్రీ చివరి సంవత్సరం. గణితం, భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం చదువుతోంది. ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ (భూభౌతికశాస్త్రం) చేసి, రాళ్ల అయస్కాంతత్వంతో పర్వతాలు ఎటు తిరిగాయో పరిశోధిస్తానంటోంది. డేటా సైన్స్ చేయమంటే వినదు. రెండింటిలో ఏది మేలు? ఆడపిల్ల కొండలు పట్టుకుని తిరగడమా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: పోలిక అడిగారు గానీ, మీ అసలు బెంగ చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, కోర్సు పేరే మారుతుంది.

ముందు అమ్మాయి చెప్పేది వినండి. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం అప్పటి భూ అయస్కాంత దిశను పట్టి ఉంచుకుంటుంది. తర్వాత ఆ నేల మెలితిరిగితే రాతిలోని ఉత్తర దిక్కూ పక్కకు జరుగుతుంది. ఆ తేడాను కొలిచే, స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా అపసవ్యంగా సుమారు 35 డిగ్రీలు తిరిగిందని తేల్చారు. ఇందుకోసం దాదాపు 25 మిల్లీమీటర్ల వ్యాసంతో రాతిని తొలుస్తారు. నమూనాను విరిచి తీయకముందే దాని దిశ గుర్తిస్తారు. రాయే దిక్సూచిని తప్పుదోవ పట్టించేటట్టుంటే సూర్యుడి నీడను ఆధారం చేసుకుంటారు. ప్రయోగశాలలో అంచెలంచెలుగా వేడిచేస్తూ, తర్వాతి కాలంలో అంటిన అయస్కాంతత్వాన్ని వదిలించి, పాతదాన్ని పట్టుకుంటారు. 580 డిగ్రీల సెల్సియస్ దాటితే మాగ్నటైట్‌లో ఏమీ మిగలదు.

ఇది లెక్కలు లేని చదువనుకోకండి. ఇలాంటి దిశలను విశ్లేషించడానికే గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 1953లో గోళంపై గణాంక పద్ధతిని రూపొందించారు. ప్రోగ్రామింగ్ ఈ పనిలోనూ తప్పదు.

ఇక డేటా సైన్స్. అమీర్‌పేటలో బోర్డు మారితే కొత్త కోర్సు పుట్టినట్టే. నన్నడిగితే, దేని డేటా అన్న ప్రశ్నకు జవాబు లేని సర్టిఫికెట్‌పై నాకు నమ్మకం తక్కువ. మీ అమ్మాయి దగ్గర ఆ జవాబుంది. మీరు దాన్ని లాగేసి పొరుగింటి అబ్బాయి కోర్సు చేతిలో పెడుతున్నారు!

అచ్చంగా ఈ పరిశోధనే చేసే ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది. కాదనను. కానీ ఎమ్మెస్సీ జియోఫిజిక్స్‌తో యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయవచ్చు. చమురు, భూగర్భ జలాల సంస్థలున్నాయి. 1961లో మొదలైన ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) మీ ఊళ్లోనే ఉంది.

కొండల సంగతంటారా? క్షేత్రపనికి ఒంటరిగా పంపరు, బృందంగా వెళతారు. మంచి బూట్లు కొనివ్వండి, తోడుగా తమ్ముణ్ని మాత్రం పంపకండి.